కళ్ళు తెరిపించిన ఫొటో

ఆగస్టు 19, సోమవారం

నాకు అసూయ లేదు. మొదటి పేజీలోనే రాసి పెట్టుకుంటే తర్వాత మాట మార్చడానికి ఉండదు.

ఈ రోజు క్లాసులో నారాయణమూర్తి సార్ తులసి తీసిన ఫొటోని గోడమీద వేసి, చాలాసేపు ఏమీ అనలేదు. జీవితమంతా పేపర్లకి ఫొటోలు తీసి రిటైరైన మనిషి ఆయన. నచ్చకపోతే గుక్క తిప్పుకోకుండా పది తప్పులు చెప్తారు. ఊరుకున్నారంటే అదే మెప్పు.

ఫొటోలో ఏముంది? బొబ్బిలి బస్సు. ఒకాయన వీణని దుప్పట్లో చుట్టి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడి ఉన్నాడు. అంతే. ఫోకస్ కూడా వేలెడు వెనక్కి పోయింది. గమనించింది నేనొక్కదాన్నే.

ఆ ఫోకస్ అంటే ఏమిటో తులసికి నేర్పింది నేను. ఈ ఫొటో జర్నలిజం కోర్సులో ఆడపిల్లలం మేమిద్దరమే. చేరిన రోజు ఆ పిల్ల కాలేజీ కెమెరాని చేపల బుట్ట ఎత్తినట్టు కింద నుంచి రెండు చేతులతో పట్టుకుంది. నేను నవ్వాను. పట్టుకోవలసిన పద్ధతి అదేనని సార్ అన్నారు. సరే, పోనీ. కానీ అపెర్చర్ అంటే కిటికీ ఎంత తెరిచావన్నది, షట్టర్ అంటే ఎంతసేపు తెరిచావన్నది అని చెప్పింది ఎవరు? వెలుగు చాలలేదని ఐఎస్ఓ పెంచేస్తే బొమ్మంతా ఇసక చల్లినట్టు అవుతుందని చెప్పింది ఎవరు? క్యాంటీన్‌లో నా టీ చల్లారబెట్టుకుని మరీ చెప్పాను.

చీపురుపల్లిలో ఏ పెళ్ళి ఆల్బమ్ తిరగేసినా వెనక అట్టమీద "జగన్నాధం స్టూడియో" అని ఉంటుంది. నాన్న పేరు. అందులో సగం నేను తీసినవి. నా పేరు ఎక్కడా లేదు. "ఫొటో: శైలజ" అని అచ్చులో చూసుకోవాలనే రోజూ పాసింజర్ పట్టుకుని విజయనగరం వెళ్తున్నాను. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. తులసికి తప్ప.

ఆగస్టు 22, గురువారం

ఒక పేపరు శ్రీకాకుళం ఎడిషన్‌కి ట్రైనీ ఫొటోగ్రాఫర్ కావాలట. మా క్లాసు నుంచి ఒక్కరిని పంపమన్నారు. ఒక్కరినే.

తలా ఒక్క ఫొటో ఇవ్వాలి. విషయం: ఎదురుచూపు. సార్ బోర్డు మీద ఏమీ రాయకుండా కుర్చీలో కూర్చునే నియమాలు చెప్పారు. మనుషుల్ని నిలబెట్టకూడదు. ఉన్న వస్తువు జరపకూడదు. వెలుగు తక్కువైతే కాస్త పెంచుకోవచ్చు గానీ ఫొటోలో లేనిది కలపకూడదు, ఉన్నది తీసేయకూడదు. కింద నాలుగు ముక్కలు రాయాలి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది.

"మొటిమలు తీసెయ్యొచ్చా సార్?" అని గోవింద్ అడిగాడు.

"నీవా, వాళ్ళవా?" అన్నారు సార్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇవన్నీ నాకు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి స్టూడియోలోనే ఉన్నాను. ఈ ఉద్యోగం నాదే.

ఆగస్టు 24

తులసి ఏం తీస్తుందో నేను అడగలేదు. రెండుసార్లు అడగలేదు.

ఆగస్టు 27, మంగళవారం

క్లాసుకి వెళ్ళలేదు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు పేరుకుపోయాయి. పొద్దుటి నుంచి కళ్ళు తెరిపిస్తూ కూర్చున్నాను.

గ్రూప్ ఫొటోలో ఎవరో ఒకరు ఫ్లాష్‌కి కళ్ళు మూస్తారు. ఇంకో ఫ్రేములోంచి వాళ్ళ కళ్ళే తెచ్చి అతికించాలి. వాళ్ళవి దొరక్కపోతే కంప్యూటర్‌లో "కళ్ళు" అని ఒక ఫోల్డర్ ఉంది. మగ, ఆడ, ముసలి, కళ్ళజోడు, అన్నీ ఉంటాయి. సాలూరు లారీ ఓనరు ఒకాయన ఇప్పటికీ వాళ్ళింటి హాల్లో మా తవిటమ్మ అత్త కళ్ళతో చూస్తున్నాడు. ఆయనకి తెలీదు. బాగుందనే అన్నాడు.

కళ్ళు మూసుకున్న ఫొటో మా కౌంటర్ దాటి బయటికి వెళ్ళకూడదు. అది నాన్న రూలు. "కళ్ళు మూసింది పోయినోళ్ళకేనమ్మా. బతికున్నోళ్ళకి ఇస్తే మొహమ్మీద కొడతారు" అంటారు. పదో తరగతి నుంచి ఈ పని నాదే. చెయ్యి దానంతటదే పోతుంది.

సెప్టెంబర్ 1, ఆదివారం

తులసి ఫోన్ చేసింది. "మా ఊరు రాయే శైలూ. పొద్దున్నే బోట్లొస్తాయి, ఆడోళ్ళందరం గట్టు మీద సూస్తుంటాం. ఎదురుసూపంటే అదే కాదేటి?"

కళింగపట్నానికి అవతల, సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. వాళ్ళ ఊరు, వాళ్ళ జనం. నన్నెందుకు పిలిచింది? నేను ఏం తీస్తానో కళ్ళారా చూద్దామని పిలిచి ఉంటుంది.

వెళ్తాను. నా లెన్స్ ముందు ఆ కాలేజీ డొక్కు కెమెరా ఎంతసేపు నిలబడుతుంది?

సెప్టెంబర్ 3, మంగళవారం

ఇంటికొచ్చి తల కూడా దువ్వుకోకుండా రాస్తున్నాను.

మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే సద్ది క్యారేజీలు పట్టుకుని ఒడ్డుకి వస్తున్నారు. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. క్యారేజీని తడి ఇసకలో వరసగా పెడతారు. తమ బోటు వచ్చాక మగవాళ్ళు తిని, అప్పుడే ఇంటికి తీసుకెళ్తారు. మూత తీయని క్యారేజీ వెనక్కి తీసుకుపోకూడదట. కీడట.

తులసి వాళ్ళ పెద్దమ్మ జగ్గమ్మని అక్కడే చూశాను. పొట్టి మనిషి, పెద్ద నోరు. లైటు చూసుకుందామని ఒక ఫొటో తీస్తే నేరుగా కెమెరాలోకి చూసి, "ఏటే గుంటా, నన్నేటి తీస్తావు? నాకేటి పెళ్ళి సూపులా?" అంది. అందరూ విరగబడి నవ్వారు.

బోట్లు వచ్చాయి. క్యారేజీలు ఒక్కొక్కటే లేచాయి. చివరికి జగ్గమ్మది ఒక్కటే మిగిలింది. సూరయ్య గారి బోటు, అంటే వాళ్ళాయనది, రాలేదు. గాలి మారింది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలెట్టారు. జగ్గమ్మ ఒక్కతే మాట్లాడలేదు. నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడింది.

నేను పక్కనుంచి వెళ్ళాను. చాలా దగ్గరికి. కొంగు ఎగురుతోంది, మొహం మీద సగం వెలుగు. వరసగా నొక్కాను. తులసి నా పక్కనే ఉంది. కెమెరా మెడలో వేలాడుతోంది. తీయలేదు. "తియ్యవేం?" అన్నాను. "మా పెద్దమ్మ" అంది. కాసేపటికి వెనక్కి వెళ్ళిపోయి ఇసకలో కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక బోటు వచ్చింది. ఇంజిను చెడిపోతే ఇంకో బోటు వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. సూరయ్య గారు దిగగానే జగ్గమ్మ ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

రైల్లో చూసుకున్నాను. వచ్చింది. ఈసారి నిజంగా ఫొటో వచ్చింది. పాపం తులసి. దానికి ఏమీ దొరకలేదు.

సెప్టెంబర్ 5, గురువారం

వెలుగున్న ఫ్రేమ్, కొంగు సరిగ్గా ఎగిరిన ఫ్రేమ్, మొహం కుదిరిన ఫ్రేమ్ ఒక్కటే. అందులో కళ్ళు మూసుకుని ఉంది. చూసుకున్నాను, సరిచేశాను. లైటు కోసం తీసిన మొదటి ఫొటోలో కళ్ళు బాగున్నాయి. వేరేవాళ్ళవి కావు, ఆవిడవే. టీ చల్లారేలోపు అయిపోయింది. అతుకు నాన్నకి కూడా కనబడలేదు.

"బాగున్నాదమ్మా. కళ్ళల్లో జీవముంది" అన్నారు నాన్న.

క్యాప్షన్: జగ్గమ్మ, సముద్రపు ఒడ్డు, సెప్టెంబర్ 3, భర్త కోసం ఎదురుచూపు. ఇంకేం కావాలి?

సెప్టెంబర్ 9, సోమవారం

పేర్లు చెప్పకుండా సార్ అందరి ఫొటోలూ గోడమీద వేశారు.

నా ఫొటోకి చప్పట్లు కొట్టారు. గోవింద్ ఈల కూడా వేశాడు. సార్ దగ్గరికెళ్ళి చూసి, "షార్ప్‌గా ఉంది" అన్నారు. అంతే. షార్ప్‌గా ఉంది. కత్తిపీటకి చెప్పే మాట.

తర్వాత ఒక ఫొటో వచ్చింది. తడి ఇసక. క్యారేజీలు లేపేసిన చోట గుండ్రటి గుర్తులు, వరసగా. చివర్న ఒక్క క్యారేజీ, మూత వేసి ఉంది. దూరంగా, ఫోకస్‌లో లేకుండా, పొట్టి మనిషి వీపు. అంతే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ మాట్లాడలేదు. సార్ కుర్చీలో కూర్చుండిపోయారు.

నేను అక్కడే ఉన్నాను. ఆ గుర్తులు తొక్కుకుంటూ నడిచాను. నాకెందుకు కనబడలేదు? మొదటి పేజీలో ఏం రాశానో నాకు గుర్తుంది. అది అబద్ధం. నాకు అసూయే. ఆ పిల్ల వేళ్ళు విరిగిపోవాలన్నంత అసూయ. బయటికొచ్చాక తులసి నా చెయ్యి పట్టుకుని "నీ ఫొటో శానా బాగున్నాదే, మా పెద్దమ్మ రాణిలాగున్నాది" అంది. చెయ్యి విడిపించుకుని రైలు టైమైందన్నాను. రైలుకి ఇంకా చాలా టైముంది.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఆలోచించాను. ఒక్క క్యారేజీ అంత చక్కగా, సరిగ్గా ఫ్రేములో మూడో వంతు దగ్గర ఎలా ఉంటుంది? తులసి జరిపి ఉంటుంది. వాళ్ళ పెద్దమ్మదే కదా, అడిగేదెవరు? ఇసకలో కూర్చుంది ఊరికే కూర్చుందా?

సార్‌తో చెప్పాను. నా కోసం కాదు, నియమం అంటే నియమం కాబట్టి చెప్పాను. నా పేరు బయటికి రానివ్వొద్దన్నాను.

సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒక్కరివే అడిగితే బాగోదు కదమ్మా. అందరి ఒరిజినల్స్ చూద్దాం. శుక్రవారం కెమెరాల మెమరీ కార్డులు తెమ్మను."

"తప్పకుండా సార్" అన్నాను.

సెప్టెంబర్ 12

కార్డు బ్యాగులో పెట్టుకున్నాను. నాది సరిగ్గానే ఉంది. రెండు ఫ్రేములూ నేను తీసినవే. మనిషీ ఒక్కరే. కళ్ళూ ఆవిడవే.

ఆవిడవే కదా.

సెప్టెంబర్ 13, శుక్రవారం

ముందు తులసి కార్డు పెట్టారు. ఆడవాళ్ళు రావడం, వంగి క్యారేజీ పెట్టడం, మళ్ళీ వచ్చి తీసుకోవడం, ఒకటి తర్వాత ఒకటి. ఏ ఫ్రేములోనూ ఆ చివరి క్యారేజీ వెంట్రుకవాసి కదల్లేదు. కదిలింది తులసే. అటూ ఇటూ జరిగింది, నిలబడింది, కూర్చుంది, చివరికి ఇసకలో పడుకుని తీసింది. ఫొటో కోసం వస్తువుని జరపకుండా తను జరిగింది. జూన్‌లో సార్ మొదటి క్లాసులో చెప్పింది ఇదే. నేను అప్పుడు నోట్స్ రాసుకోలేదు, నాకు తెలుసు కదా అని.

తర్వాత నాది.

ఒరిజినల్ గోడమీద పడింది. జగ్గమ్మ కళ్ళు మూసుకుని ఉంది. కొంగు ఎగురుతోంది. మెడ కొంచెం ముందుకి, తల కొంచెం పక్కకి.

గది మొత్తం ఊరుకుంది.

ఆ నిశ్శబ్దం కోసమే కదా ఇన్నాళ్ళూ చచ్చాను. అది వచ్చింది, నేను ఇవ్వని ఫొటోకి వచ్చింది.

సార్ పక్కనే నేను ఇచ్చింది కూడా వేశారు. "నాకు మొన్నే ఏదో తేడాగా అనిపించింది. మొహం సముద్రం వైపుంది, చూపు మాత్రం కెమెరాలోకుంది" అన్నారు మెల్లగా. "ఎందుకు తెరిపించావమ్మా?"

"మూసుకుపోయాయి సార్" అన్నాను. నిజంగా అదే జవాబు.

"ఆవిడ ఎందుకు మూసుకుందో అడిగావా?"

అడగలేదు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబడి అడగలేదు.

వెనక నుంచి తులసి అంది: "ఇంజిను సప్పుడు కోసం సార్. మా పెదనాన బోటు సప్పుడు దానికి తెలుసు. కళ్ళు తెరిస్తే అలలే ఇనపడతాయంటాది."

సార్ ఒరిజినల్ వైపు చెయ్యి చూపించారు. "ఇది ఇచ్చి ఉంటే నేను ఇంకొకటి చూసేవాణ్ణి కాదు. కానీ నువ్వు ఇచ్చింది ఇది కాదు."

తులసి పేరు పంపుతున్నారు. ఒరిజినల్స్ దాకా తెచ్చింది నేనే కదా. చెప్పింది నేనేనని సార్ ఎవరికీ చెప్పలేదు. అది ఇంకా మండుతోంది.

సెప్టెంబర్ 14

నాన్న అడిగారు, ఏమైందని. వేరేవాళ్ళకి వచ్చిందన్నాను. "కళ్ళు సరిగ్గా అతికించావు కదా?" అన్నారు.

సెప్టెంబర్ 18, బుధవారం

సార్ ఫోన్ చేశారు. పేపరు వాళ్ళకి నా ఒరిజినల్ చూపించారట. ఉద్యోగం ఉద్యోగమే, అది తులసిదే. కానీ ఆదివారం పేజీకి ఈ ఫొటో వేస్తామన్నారు. సగం పేజీ. కింద నా పేరు.

"ఫొటో: శైలజ." సార్ నోటితోనే అన్నారు. నేను ఇంకోసారి అనమని అడగబోయి ఆగాను.

"ఆవిడ్ని ఒక మాట అడిగి రా. మొహం అంత దగ్గరగా ఉంది, ఆపదలో ఉన్న మనిషి. అడక్కుండా వేస్తే బాగోదు" అన్నారు.

అడగడమెంత పని! సగం పేజీ. తులసికి ఇప్పుడు ఏ ప్రెస్ మీట్‌లోనో బొకేల ఫొటోలు తీసుకోమని పంపిస్తారు. నాది సగం పేజీ. ఈ రోజు అన్నం తిన్నాను.

సెప్టెంబర్ 21, శనివారం

ఒక్కదాన్నే వెళ్ళాను. రెండు ప్రింట్లూ తీసుకెళ్ళాను, కళ్ళు మూసింది, తెరిచింది.

జగ్గమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. చేతులు కడుక్కుని ముందు మూసింది చూసింది. మొహం మారిపోయింది.

"ఒసే, నన్ను సంపీసినావేటే?"

ఇది పేపర్లో వేస్తారని, చాలా గొప్ప ఫొటో అని, అందరూ మెచ్చుకున్నారని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వొద్దమ్మా. మావోడు ఎలగో గట్టెక్కినాడు. ఇప్పుడు నా బొమ్మ కళ్ళు మూసి ఎయ్యాలేటి? సూసినోళ్ళు జగ్గమ్మ పోనాదనుకుంటారు. మాకు కీడు. వొద్దు."

రెండోది చూసింది. చూస్తూనే నవ్వింది. "ఇదేనే! ఇది నేను. ఇది పటం కట్టించి తెస్తావేటి? మా ఇంట్లో నా బొమ్మొకటీ నేదు."

"అది నిజం ఫొటో కాదు పెద్దమ్మా" అన్నాను.

"నేను కాదేటి?" అంది.

బస్సులో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాను. ఆ ఊళ్ళో ఆ పేపరు వేయించుకునేవాళ్ళు ఉండరు. సార్ ఆవిడకి ఫోన్ చేసి కనుక్కోరు. ఒప్పుకుందని చెప్తే అయిపోతుంది. కానీ తులసి చూస్తుంది. తులసి చూసి ఏమీ అనదు. ఏమీ అనకుండా ఊరుకుంటుంది, సార్‌లాగా. దానికంటే తిడితే బాగుణ్ణు.

సార్‌కి ఫోన్ చేశాను. వద్దందని చెప్పాను.

"ఇంకోసారి అడిగి చూస్తావా?"

"వద్దు సార్."

చెప్పాక ఏడుపొచ్చింది. మంచి పని చేశానన్న తృప్తి లాంటిదేమీ రాలేదు. వస్తుందంటారు. రాలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం

స్టేషన్‌లో పేపరు కొన్నాను. నాకు ఉంచిన ఆ సగం పేజీలో క్యారేజీ ఫొటో వేశారు.

ఫొటో: తులసి.

చిన్న అక్షరాలే. వేలితో కప్పితే కనబడవు. కప్పి చూశాను. తీసి చూశాను. కప్పినా ఫొటో బాగానే ఉంది.

తులసి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తాను. "శైలూ, ఆ జాగా నీదంట గదే, సార్ సెప్పినారు. నాకు ఏటీ తోస్తనేదు" అని ఏడ్చింది. నా ఫొటో నేను పోగొట్టుకుని, దాన్ని నేనే ఓదార్చవలసి వచ్చింది. ఇదెక్కడి న్యాయం? క్యారేజీ మూత మీద హైలైట్ తెల్లగా పేలిపోయింది, ఈసారి వెలుగు అర స్టాప్ తగ్గించుకో అన్నాను. "అలగేనే" అని రాసుకుంది. రాసుకున్న చప్పుడు వినబడింది.

అక్టోబర్ 2, బుధవారం

పటం కట్టించి తీసుకెళ్ళాను. కళ్ళు తెరిచిందే. నాన్న మంచి చెక్క ఫ్రేము వేశారు.

సూరయ్య గారు మేకు కొట్టారు. గోడకి పెట్టగానే ఇరుగుపొరుగు వచ్చి చేరారు. జగ్గమ్మ అందరినీ లోపలికి తోసి మరీ చూపించింది. "మా తులసి సావాసగత్తె తీసినాది" అని చెప్పింది. తులసి సావాసగత్తె. సరే.

అందరూ వెళ్ళాక నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టి పటం వైపు చూపించింది.

"ఒలే, కింద నీ పేరు రాయవేటి? మా తులసి పేరు పేపర్లో పడతాది. మరి నీదెక్కడుంటాది? ఇక్కడుండనీ."

బ్యాగులో మార్కర్ ఉంది. తీసి చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. నేను తీసిన అసలు ఫొటో స్టూడియో కంప్యూటర్‌లో "కళ్ళు" ఫోల్డర్‌లో ఉంది. దానికి పేరు లేదు, ఎవరూ చూడరు. ఇది నేను తీసింది కాదు, చేసింది. దీన్ని చూసి ఈ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు సంతోషపడతారు.

కుర్చీ ఎక్కి అంచుమీద రాశాను. ఫొటో: శైలజ. అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

దిగి వెనక్కి జరిగి చూశాను. జగ్గమ్మ మొహం సముద్రం వైపుంది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.